ప్రొద్దు గ్రుంకువరకే వరము: ఈడిత్ నెస్బిట్ బాలకథలు

ఒకనాటి రాత్రి భోజనములైన పిదప మా యింటి పిల్లలకు మాయతివాచి కథ చెప్పుచుంటిమి. రాజకుమారుడు తివాచిపై కూర్చుండి మేఘమండలమున దూసికొనిపోవుచుండగా, ఆరేండ్ల బాలిక యొకతె లేచి కూర్చుండి, "తాతయ్యా, అంత పైన చలెయ్యదూ? దుప్పటి తీసుకెళ్ళాడా?" అని యడిగెను. కథలో అట్టి ప్రశ్నలు వేయరాదని మేము కసరితిమి. ఆ బిడ్డ మారు మాటాడక పరుండెను. కాని పిదప మేము చెప్పిన కథ యామె చెవిని పడలేదని మాకు తెలియుచునే యుండెను. తప్పెవరిదో ఆనాడు మాకు తోచలేదు. ఆంగ్ల రచయిత్రి ఈడిత్ నెస్బిట్ వ్రాసిన బాలకథలను తీరికగా చదివిన తరువాతనే, ఆ దుప్పటి ప్రశ్న మేము చెప్పిన కథకంటె మేలైనదని గ్రహించితిమి. ఇప్పటి మా ప్రసంగము ఆ రచయిత్రి కథాకౌశలమును గూర్చినది.

నెస్బిట్ 1858వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు. ఆమెకు మూడేండ్ల ప్రాయమున గతించెను. అక్కగారి అనారోగ్యము కారణముగా బాల్యమంతయు ఊరూరు తిరుగుటతోనే గడచెను. 1880లో హ్యూబర్ట్ బ్లాండ్ అను నాతని పెండ్లాడెను. భర్త వ్యాపారము చెడుటచే సంసారభారము ఆమె కలముపై పడెను. పద్యములు, కథలు, శుభాకాంక్షల కార్డులపై బొమ్మలు, దేనికి డబ్బు వచ్చిన దానిని చేసెను. 1884లో ఫేబియన్ సంఘమును స్థాపించిన వారిలో ఈ దంపతులును గలరు. పేరులో మొదటి అక్షరము మాత్రమే వేసికొనుటచే, చాలమంది పాఠకులు ఆమెను పురుషుడే యని తలచిరి. నలువది యేండ్లు దాటిన పిదప, 1899లో నిధిని వెదకు పిల్లల కథ యొకటి వెలువడి ఆమెకు నిజమైన కీర్తి తెచ్చెను. అందు మాయ లేదు. మాయ 1902లో 'ఐదుగురు పిల్లలు, అది' అను పుస్తకముతో వచ్చెను. 'ఫీనిక్సు పక్షి, తివాచి' 1904లోను, 'రక్షరేకు కథ' 1906లోను, 'మంత్రపు కోట' 1907లోను వెలువడెను. వీనిలో మొదటి మూడింటి యందును పాత్రలు ఆ పిల్లలే.

మొదటి కథను తీసికొందము. లండనులో రెండేండ్లు కదలక యున్న పిల్లలు పల్లెటూరి యింటికి వత్తురు. అది రాజభవనము కాదు. ఒక ప్రక్క సున్నపురాతి గని, మరియొక ప్రక్క గులకరాళ్లు త్రవ్వు గుంట. తండ్రి పనిమీద పిలుపు వచ్చి వెళ్లును. అమ్మమ్మకు జబ్బని తల్లి వెళ్లును. ఇంట మిగిలినవారు నౌకరులు. పెద్దలను ఇట్లు ప్రక్కకు తప్పించుట బాలకథలలో పరిపాటియే. కాని ఏ రాక్షసుడో వారినెత్తుకొని పోవుటకు మారుగా, ప్రతి కుటుంబమునకు తెలిసిన కారణములతో తప్పించుట గమనింపదగినది. ఆస్ట్రేలియా కనబడువరకు త్రవ్వవలెనని పిల్లలు ఆ గుంటలో ఇసుక త్రవ్వుదురు. అచట దొరకునదే సామియాడ్. గ్రీకు భాషలో ఇసుకకు గల పేరునుండి కల్పించిన పేరది. పిల్లలనోట నలిగి ఇంటి పిలుపువలె నున్నది.

ఈ సామియాడ్ మనము బొమ్మలలో చూచు రెక్కల దేవకన్య కాదు. నత్త కన్నులవలె పొడవైన కొమ్ముల చివర కన్నులు, గబ్బిలము చెవులు, సాలెపురుగువలె గుండ్రని పొట్ట, ఒడలెల్ల మెత్తని బొచ్చు, కోతి చేతులు, కోతి కాళ్లు. దానికి తడి యన్న ప్రాణభయము. వేల యేండ్ల క్రిందట దాని ఎడమవైపు మీసములో పై వరుస పండ్రెండవ వెండ్రుక ఒక్కటి తడిసెనట! గాలిలో చెమ్మ తగిలిన అది నేటికిని సలుపుచుండునట! పండ్రెండవ వెండ్రుక యని లెక్క చెప్పుటలోనే యున్నది రచయిత్రి నేర్పంతయు. "దానికి తడి పడదు" అని యూరకున్న విని మరచిపోదుము. ఆ వెండ్రుక సంఖ్య విన్న తరువాత ఆ జీవి లేదనుటకు మనకు నోరు రాదు. కీళ్లనొప్పులుగల ముసలివారెవరో మన యెదుట కూర్చుండి మూలుగుచున్నట్లే యుండును. ఇక దాని కోపమో, చెప్పనక్కరలేదు. వరమిచ్చునపుడు ఊపిరి బిగించి ఒడలు ఉబ్బించుకొనవలెను. అది శ్రమ. శ్రమ గనుక విసుగు. విసుగుకొను వరప్రదాతను సృష్టించుటయే ఆ రోజులలో ఒక క్రొత్తదనము.

ఇప్పుడు అసలు మర్మమునకు వత్తుము. సామియాడ్ దినమునకొక్క కోరిక తీర్చును. ప్రొద్దు గ్రుంకగానే ఆ కోరిక ఫలము మాయమగును. ఈ ఒక్క నియమముపై పుస్తకమంతయు నిలిచియున్నది. ఈ కథ 'స్ట్రాండ్' అను మాసపత్రికలో, హెచ్. ఆర్. మిల్లర్ బొమ్మలతో విడివిడి భాగములుగా వచ్చెను. ప్రతి భాగము ఉదయమున ఒక కోరికతో మొదలై సాయంకాలమునకు ముగియవలెను. పత్రికకు కావలసిన కొలత కథలోని సూర్యుడే యిచ్చుచున్నాడు. తొందరలో వ్రాసి పంపవలసిన రచయిత్రికి ఇంతకంటె ఉపకరించు ఉపాయము మరియొకటి యుండదు.

అయినను దానిని పత్రికకొరకు కల్పించిన ఉపాయముగానే కొట్టివేయరాదు. నియమము ఉండుటచేతనే పిల్లలకు ఆలోచించు పని కలుగుచున్నది. ఏదైనను జరుగవచ్చునన్న కథలో ఏది జరిగినను భయము లేదు, సంతోషమును లేదు. ఇచట అట్లు కాదు. మిక్కిలి అందముగా నుండవలెనని పిల్లలు కోరుదురు. అందగాండ్రైన అక్కలను, అన్నలను ఇంటి పసివాడు గుర్తింపక గుక్కపట్టి యేడ్చును, పనిమనిషి తలుపు తీయదు, సాయంకాలమువరకు పస్తు. బంగారము కోరుదురు, గుంట నిండ పాత కాలపు బంగారు నాణెములు. వాని బరువుకు నడువలేక దారి పొడవున కొన్ని పారవేయుదురు. మిగిలినవి అంగడికి తీసికొనిపోయిన, చెల్లని నాణెములని యెవరును పుచ్చుకొనరు. తుదకు పోలీసువారు పట్టుకొందురు. ఠాణాకు చేరునప్పటికి సూర్యుడు గ్రుంకెను. జేబులలో బంగారము లేదు, నేరమును లేదు! రెక్కలు కోరిననాడు మాత్రము నిజముగా ఆనందము కలుగును. అయినను ఆకలి తప్పదు. ఒక మతగురువు ఇంటి కిటికీనుండి ఆహారము తీసికొని, వెల క్రింద కొంత సొమ్మును, క్షమాపణ చీటిని అచట నుంచుదురు. తిని చర్చి గోపురముపై నిద్రించి లేచునప్పటికి రెక్కలు లేవు, మెట్లదారి తలుపునకు తాళము వేసియున్నది.

మా బాలిక యడిగిన దుప్పటి ప్రశ్న ఇదియే కదా! నెస్బిట్ ఆ ప్రశ్నను కసరలేదు. దానినే కథగా మలచెను. ఎగిరినవానికి ఆకలి వేయదా, ఎక్కినవాడు దిగుటెట్లు, ఈ బంగారమును ఎవరు మార్చియిత్తురు, ఇట్టి ప్రశ్నలు పిల్లలకు సహజముగా పుట్టును. పెద్దలు వీనిని అడ్డుమాటలని తలచుదురు. ఆమె చేతిలో అవియే కథను నడుపు చక్రములైనవి.

వరము బెడిసికొట్టుట మనకు క్రొత్త కాదు. భస్మాసురుని యెరుగనివారు లేరు. నాలుక తడబడి నిద్రను కోరుకొన్న కుంభకర్ణుని కథయు మన పిల్లలకు తెలిసినదే. కాని ఆ కథలలో పెద్ద తపస్సు, పెద్ద వరము, పెద్ద పతనము. నెస్బిట్ కథలోని యపాయము మన ముసలమ్మలు చెప్పు తథాస్తు దేవతల నమ్మకమునకు దగ్గర. పసివానిని మోయలేక విసిగిన రాబర్టు, అందరును వీనిని కోరుకొన్న బాగుండుననునట్టి మాట తూలును. అంతే, ఆ సాయంకాలమువరకు ఎదురుపడిన ప్రతివారును ఆ బిడ్డను ఎత్తుకొనిపోవ జూతురు. కోపములో నోరు జారిన మాటకు అర్థము మారదు. విన్నవారు దానిని యథాతథముగా నెరవేర్తురు. తమ్ముని పోగొట్టుకొందుమేమో యని భయపడుచు ఆ పిల్లలు దినమంతయు వానిని హత్తుకొని తిరుగుదురు. మందలించువారెవరును లేకయే ఆ బిడ్డపై వారికి గల ప్రేమ బయటపడును.

నియమమునకు నియమము తోడైనపుడు ఆమె హాస్యము మరింత పదునెక్కును. ఇంటి నౌకరులు ఈ మాయలను గమనింపకుండుగాక యని పిల్లలు ముందే ఒక కోరిక కోరియుందురు. తరువాత, ముట్టడిలోనున్న కోట కావలెనని కోరుటచే ఇల్లు కోటయగును. కాని నౌకరులకు అది మామూలు ఇల్లే. వారు వడ్డించిన భోజనము పిల్లల కన్నులకు కనబడదు! తడవికొని తినవలసినదే. ఇంకొక దినమున పసివాడు ఒక్కమారుగా పెరిగి మీసములు గల దొరబాబుగా మారును; వాని గర్వమునకు మేర యుండదు. సాయంకాలము పనిమనిషి మార్తా వచ్చి, ఆ ఆరడుగుల మనిషిని "నా చిట్టితండ్రీ" యన్నట్లు చంక నెత్తుకొని పోవును. ఆమె కన్నులకు వాడు పసివాడే గదా! తర్కము తప్పకుండ నవ్వించుట ఎంత కష్టమో వ్రాయ యత్నించినవారికే తెలియును.

కథ చెప్పువారి కంఠమును గూర్చి ఒక్క మాట. నెస్బిట్ నడుమ నడుమ పాఠకునితో ముచ్చటించును. ఇది విసుగు పుట్టించు భాగము, వదలివేయుచున్నానని చెప్పును. పెద్దలకు ఋజువులు కావలెను, పిల్లలకు అక్కరలేదని వెక్కిరించును. రేడియో ముందు కూర్చుండి మాటాడువారికి ఈ విద్య యసూయ పుట్టించునట్టిది. ఎదుట ఎవరును లేకున్నను ఒక బిడ్డ వినుచున్నదన్న నమ్మకము ఆ వాక్యములలో కలదు. ముద్దు పలుకులు లేవు. పైనుండి క్రిందికి చూచుటయు లేదు.

శాస్త్రమును సైతము ఆమె చమత్కారముగా వాడుకొనెను. పూర్వకాలపు మనుష్యులు సామియాడ్‌ను ఆహారమునకు మహాజంతువులను కోరెడివారట. తినగా మిగిలినవి ప్రొద్దు గ్రుంకగానే రాయిగా మారెడివట. నేడు భూమిలో దొరకు శిలాజములు అవియేనట! శాస్త్రజ్ఞుని కుమార్తె కదా. అబద్ధమును నిజముప్రక్కన కూర్చుండబెట్టుట ఆమెకు తెలియును. రెండవ పుస్తకములో ఫీనిక్సు పక్షి, తన పేరుగల అగ్నిప్రమాద భీమా కార్యాలయము లండనులో నున్నదని విని, అది తన దేవాలయమేయని నిశ్చయించుకొని పిల్లలను వెంటబెట్టుకొనిపోవును. ఆ పుస్తకములోనే పిల్లలు తివాచిపై భారతదేశమునకును వత్తురు. అచట ఒక రాణి యిచ్చిన వస్తువులను తీసికొనిపోయి, ధర్మకార్యముకొరకు నడపు అంగడిలో నుంచుదురు. ఆ భారతదేశము కేవలము పుస్తకముల భారతదేశమే. మనకు అందు పరిచయమైన మొగము ఒక్కటియు కనబడదు.

'మంత్రపు కోట'లో నున్న ఒక ఘట్టమును మేము రాత్రివేళ పిల్లలకు చదివి వినిపింపము. నాటకమాడు పిల్లలు, ప్రేక్షకులు చాలరని, చీపురుకర్రలకు, గొడుగులకు పాత కోటులు తొడిగి, కాగితపు మొగములు తగిలించి, కుర్చీలలో కూర్చుండబెట్టుదురు. నాటకము నడుమ ఆ బొమ్మలు చేతి తొడుగులతో చప్పట్లు కొట్టును! తరువాత నవి లేచి నడచివచ్చి, మంచి హోటలు ఎచ్చట నున్నదని మర్యాదగా నడుగును. నోటికి అంగిలి లేదు గనుక హల్లులు పలుకవు, అచ్చులు మాత్రమే వినవచ్చును. చదువునపుడు మొదట నవ్వు వచ్చును. మరునిమిషమున వీపుపై చల్లగా ప్రాకును. దయ్యమును చూపి భయపెట్టుట సులభము. మర్యాదగా హోటలు నడుగు చీపురుకర్రతో భయపెట్టుట నెస్బిట్‌కే చెల్లినది.

మాకు అన్నిటికంటె ప్రియమైనది 'రక్షరేకు కథ'. ఇందు పిల్లలకు సామియాడ్ వరములీయదు; కాని పరులెవరైనను దాని సమక్షమున కోరిన తీర్పక తప్పదు. సగము దొరకిన రక్షరేకు వాకిలివలె తెరచుకొని వారిని ప్రాచీన కాలములకు కొనిపోవును. ఈజిప్టు, బాబిలోను, మునిగిపోయిన అట్లాంటిసు, అన్నియు చూతురు. ఈ పుస్తకమును ఆమె బ్రిటిషు మ్యూజియములోని పండితుడు వాలిస్ బడ్జికి అంకితమిచ్చెను. బాబిలోను రాణి లండనునకు వచ్చిన ఘట్టము కడు రమ్యమైనది. ఆమె మ్యూజియములో తన నగలను చూచి, తన సొత్తు తనకీయుడని దెబ్బలాడును. ఆ గందరగోళములో ఒక పత్రికావిలేఖరి, ఈమె అనీబిసెంటు కాదు గదా యని యడుగగా, పిల్లవాడు అవునని తెగించి చెప్పును! దివ్యజ్ఞాన సమాజమునకు తరువాత అధ్యక్షురాలై, 1917లో మన కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన ఆ అనీబిసెంటే, మదనపల్లె కళాశాలకు పేరిచ్చిన ఆమెయే. ఒకప్పుడు ఫేబియన్ సంఘమున నెస్బిట్‌కు సహసభ్యురాలు. పాత స్నేహితురాలిపై విసరిన చిన్న మెరపు అది.

ఆ రాణియే లండను వీథులలోని కూలిజనమును చూచి, మీ బానిసలను ఇంత హీనముగా నుంచితిరేమని యడుగును. వారు బానిసలు కారు, పనివారని పిల్లలు చెప్పుదురు. రాణికి ఆ భేదము బోధపడదు. వారందరి చేతులలోను వారికిష్టమైన అన్నపానము లుండుగాక యని యామె కోరగా, మైల్ ఎండ్ రోడ్డున నున్న పేదలందరి చేతులలో నప్పుడే ఆహారము వచ్చి నిలుచును. ఉపన్యాసమిచ్చుటకు అవకాశముగల చోట రచయిత్రి ఒక ప్రశ్న, ఒక భోజనము మాత్రము పెట్టి ఊరకుండెను. ఆ నాటి ప్రభుత్వము చేయనిదానిని ప్రాచీన నిరంకుశురాలు అరనిమిషములో చేయుట చదివి నవ్వినవాడు, పెద్దయైన పిదప ఆ నవ్వునకు కారణము వెదకుకొనును.

ఇంకొక ఘట్టము. ఉద్యానములో నల్లని దుస్తులు ధరించిన ఇమోజెన్ అను అనాథ బాలిక యేడ్చుచుండును. తల్లి గతించెను, మరునాడు ఆమెను అనాథశాలకు పంపుదురు. ఈ బిడ్డ కావలెనని కోరు ఇల్లు ఎచటనైన నున్న బాగుండునన్న కోరిక నెరవేరి, రక్షరేకు వాకిలి తెరచుకొనును. ఆ ఇల్లు ఆ లండనులో లేదు! జూలియస్ సీజరు దండెత్తివచ్చిన కాలపు బ్రిటనులో నొక గుడిసెవద్ద నున్నది. అచట, అచ్చముగా నీ బిడ్డవంటి బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చేతులు చాచి పరుగెత్తుకొనివచ్చును. బిడ్డయు ఆమెను తల్లిగా గుర్తించును. ఇచట సూర్యాస్తమయ నియమము లేదు. ఇది తిరిగి మాయము కాదు.

1900వ సంవత్సరమున నెస్బిట్ కుమారుడు ఫేబియన్, పదునైదేండ్లవాడు, గొంతులోని గడ్డలకు ఇంటిలో చేసిన చిన్న శస్త్రచికిత్స పిమ్మట మరణించెను. ఆ మరణమునకు ఈ ఘట్టమునకు మేము ముడి వేయబోము. రచయిత గుండెలో జరిగినదానికి సాక్ష్యము చెప్పుటకు మనమెవరము? కాని ఆ సంగతి తెలిసిన తరువాత ఈ పుటలను బిగ్గరగా చదువుట మాకు సాధ్యము కాలేదు. ఆమె మాయను ఎంత పొదుపుగా వాడెనో, ఎన్ని కట్టుబాట్లతో బంధించెనో చూచితిరి గదా. అంత పొదుపు చేసిన సొమ్మును ఇచట ఒక్కమారుగా వెచ్చించెను.

లోపములు లేవని చెప్పిన శ్రోతలను మోసగించినట్లగును. దేశదిమ్మరులను, యూదులను ఆమె చిత్రించిన తీరు అక్కడక్కడ నీచముగనే యున్నది. అది ఆనాటి వాడుక యని దాటవేయుట మాకిష్టము లేదు. పేదలయెడ అంత తెలివి చూపిన కలము ఇచట ఏల మొద్దువారెను? చదివి వినిపించు పెద్దలు అట్టిచోట ఆగి, ఇది తప్పు అని పిల్లలతో చెప్పవచ్చును. మేమట్లే చేయుచున్నాము. తొందరలో వ్రాసిన గుర్తులును కలవు. కొన్ని అధ్యాయములు నీరసముగా నడచును.

ఆమె 1924లో కన్నుమూసెను. 1955లో సి. ఎస్. లూయిస్ తన నార్నియా కథలలో నొకదానిని ప్రారంభించుచు, నెస్బిట్ సృష్టించిన నిధి వెదకు పిల్లలను పేరుపెట్టి తలచుకొనెను. అమెరికాలో ఎడ్వర్డ్ ఈగర్ ఆమెయే తనకు గురువని చాటి, 1954లో సగము కోరికనే తీర్చు నాణెము కథ వ్రాసెను. ఇంటిపిల్లలు, ఇంటిలో దొరకిన ఒక వస్తువు, దానికొక తిక్క నియమము, ఈ అచ్చులో నేటికిని కథలు వచ్చుచునే యున్నవి. వానిలో ఆకలిని, దారిఖర్చును మరచిపోయినవి కొద్దినాళ్లకే మరుగుపడుచున్నవని మాకు తోచును.

మొన్న ఆ బాలిక తమ్మునికి అదే తివాచి కథను చెప్పవలసివచ్చెను. ఈసారి బయలుదేరుటకు ముందే రాజకుమారునికి దుప్పటి నొకదానిని ఇప్పించితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, "మరి గాలికి ఎగిరిపోదూ? దేనితో కట్టుకున్నాడూ?" అని యడిగెను. మేము కసరలేదు. త్రాడు వెదకుటకు రాజకుమారుడు క్రిందికి దిగవలసివచ్చెను. ఆ దిగిన యూరిలోనే ఆ రాత్రి కథ నిలిచిపోయెను.